చౌఖట్ దగ్గర కుక్కపిల్ల

మన ఇళ్లల్లో ఇప్పుడు ఒక కొత్త బహస్ నడుస్తోంది. టోలీచౌకీ ఫ్లాట్లలో, మెహదీపట్నం అపార్ట్‌మెంట్లలో పిల్లలు కింద పార్కింగ్‌లో పక్కింటివాళ్ల కుక్కతో ఆడి పైకొచ్చి, ‘‘అబ్బా, మనం కూడా ఒక కుక్కపిల్లని తెచ్చుకుందాం’’ అంటారు. అబ్బా నోరు తెరిచేలోపే దాదీ తస్బీ ఆపి ‘‘తౌబా తౌబా! ఇంట్లోకి ఫరిష్తేలు రారు’’ అంటుంది. అమ్మీ మాత్రం ‘‘అయితే నమాజ్ ఎక్కడ చదవాలి?’’ అని ఒక్క మాట అడుగుతుంది. బహస్ ఖతం.

బహస్ ఖతమే గానీ పిల్లలకు జవాబు దొరకలేదు. కుక్క అంటే మన ఖౌమ్‌కు దుష్మన్ అని మాత్రం వాళ్ల మనసులో పడిపోతుంది. గల్లీలో కళ్లు తెరవని కూనల మీద రాయి విసరడం కూడా దీన్‌లో భాగమే అనుకునే పిల్లలు ఉన్నారు. నా ఫికర్ అక్కడుంది. తెచ్చుకోవాలా వద్దా అన్నది ఏ ఇంటికి ఆ ఇల్లు తేల్చుకోవాల్సిన మాట. దానికి ముందు, మన తారీఖ్‌లో కుక్కకు ఉన్న జగా ఏమిటో తెలుసుకుందాం.

నగరం కూడా మారింది. కుక్కల కోసమే కట్టిన పార్కును జీహెచ్‌ఎంసీ 2018లో కొండాపూర్‌లో తెరిచింది. పెట్ షాపులు, జాన్వర్ల డాక్టర్లు, కుక్కల హాస్టళ్లు ఎటు చూసినా కనిపిస్తున్నాయి. మన పిల్లలూ ఈ నగరంలోనే పెరుగుతున్నారు కాబట్టి వాళ్ల సవాల్‌ను తౌబాతో దాటేయలేం.

గుహ గడప మీద

జుమా రోజు మన ఇళ్లల్లో చదివే సూరా కహఫ్‌లో ఒక కుక్క ఉంది. ఈమాన్ కాపాడుకోవడానికి ఊరు విడిచిన కొందరు నౌజవాన్లు గుహలో దాక్కున్నారు. అల్లాహ్ వాళ్లను 309 ఏళ్లు నిద్రపుచ్చాడు. వాళ్ల కుక్క ముందు కాళ్లు చాపుకుని ‘వసీద్’ దగ్గర పడుకుంది. వసీద్ అంటే గడప, మనం చౌఖట్ అంటాం. వాళ్లు ఎంతమంది అని తర్వాతి జనం వాదించుకున్నారు. ముగ్గురన్నారు, ఐదుగురన్నారు, ఏడుగురన్నారు. ప్రతి లెక్కలోనూ కుక్కను కలిపే లెక్కపెట్టారు. దాని పేరు ఖిత్మీర్ అని తఫ్సీర్లు చెబుతాయి.

ఆ కుక్క ఉన్న చోటు చూడండి. దాన్ని గుహ నడిమధ్యలో పడుకోబెట్టుకోలేదు, రాళ్లేసి తరమనూ లేదు. అది చౌఖట్ మీద కావలి ఉంది. ముస్లిం సమాజాలు కుక్కకు ఇచ్చిన జగాను అర్థం చేసుకోవడానికి ఈ చౌఖట్ ఒక మంచి నిషానీ.

సూరా మాయిదాలో మాట ఇంకా సాఫ్‌గా ఉంది. తర్ఫీదు ఇచ్చిన జాన్వర్లు పట్టిన శిఖార్ హలాల్ అని అక్కడ హుకుమ్ వచ్చింది. తర్ఫీదు ఇచ్చేవాళ్లకు అక్కడ వాడిన అరబీ మాట ‘ముకల్లిబీన్’. దాని మూలం కల్బ్, అంటే కుక్క. దానశీలి హాతిమ్ తాయీ కొడుకు హజ్రత్ ఆదీ బిన్ హాతిమ్ (రజి)కు వేటంటే షౌఖ్. కుక్కతో చేసే శిఖార్ మసలాలను ఆయన ప్రవక్త (స)ను అడిగి తెలుసుకున్నారు. బిస్మిల్లాహ్ అని వదిలిన కుక్క పట్టింది తినొచ్చు. కుక్క తానే అందులోంచి తినేస్తే మాత్రం వదిలేయాలి, ఎందుకంటే అది తన కోసం పట్టుకుంది. తర్ఫీదు ఉన్న కుక్కకూ లేనిదానికీ ఉన్న తేడాను షరీఅత్ ఇంత బారీక్‌గా చూసింది.

మరి దాదీ చెప్పింది అబద్ధమా? కాదు. కుక్క ఉన్న ఇంట్లోకి రహమత్ ఫరిష్తేలు రారన్న హదీస్ ఉంది. అది మూతిపెట్టిన గిన్నెను ఏడుసార్లు కడగాలన్న హదీస్ ఉంది. వేట, మంద, పొలం కోసం కాకుండా ఊరికే కుక్కను పెంచేవాడి సవాబ్ రోజూ తగ్గుతుందన్న హదీస్ కూడా ఉంది. మదీనాలో ఒక దశలో కుక్కలను చంపమన్న హుకుమ్ వచ్చింది, తర్వాత దాన్ని ఆపారు. ఇవన్నీ సహీ కితాబుల్లోనే ఉన్నాయి.

అవే కితాబుల్లో మరికొన్ని ఉన్నాయి. దాహంతో మట్టి నాకుతున్న కుక్క కోసం బావిలో దిగి, మోజాలో నీళ్లు నింపి తాగించిన మనిషికి మగ్‌ఫిరత్ దొరికింది. ప్రవక్త (స) జమానాలో కుక్కలు మస్జిద్‌లోంచి వస్తూ పోతూ ఉండేవని, వాటి కోసం అక్కడ నీళ్లు చల్లేవాళ్లు కాదని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) రివాయత్ బుఖారీలో ఉంది.

కూనల గురించి కూడా ఒక ఖిస్సా ఉంది. దాన్ని వాకిదీ తన కితాబుల్ మగాజీలో రాశారు. హిజ్రీ 8లో పది వేల లష్కర్ మక్కా వైపు కదులుతోంది. అల్ అర్జ్ దాటాక దారిలో ఒక కుక్క తన కూనలకు పాలిస్తూ కనిపించింది. లష్కర్‌లో ఎవరూ దాన్ని కదిలించకుండా ప్రవక్త (స) ఒక సహాబీని అక్కడ కావలి నిలబెట్టారు. ఎప్పుడూ మనుషులకు కావలి కాసే కుక్కకు ఆ రోజు ఒక మనిషి కావలి కాశాడు. గల్లీలో రాయి ఎత్తే పిల్లవాడికి ఈ ఖిస్సా మనమే చెప్పాలి.

ఉలమా మధ్య ఇఖ్తిలాఫ్ కూడా పాతదే. మాలికీల దగ్గర కుక్క పాక్. గిన్నె కడగడం హుకుమ్ కాబట్టి కడుగుతారు. షాఫయీ, హంబలీల దగ్గర మొత్తం కుక్కే నజిస్. మన హనఫీల్లో ఎక్కువమంది చెప్పేది మధ్యస్థంగా ఉంటుంది. దాని లాలాజలం నాపాక్, పొడిగా ఉన్న వెంట్రుకలు తగిలితే బట్టలు నాపాక్ కావు. హైదరాబాద్‌లో బార్కస్‌కు వెళ్తే హజ్రమీ అరబ్బుల వారసులు షాఫయీ మజ్హబ్ మీద ఉన్నారు. ఒకే నగరంలో రెండు మొహల్లాలకు ఈ మసలా రెండు తీర్లుగా ఉంటుంది. ఇందులో ఏ మజ్హబ్ కూడా కుక్కను సతాయించడానికి ఇజాజత్ ఇవ్వలేదు. నజాసత్ మసలా నీళ్లతో తీరేది. నఫ్రత్‌ను ఆ మసలాలో కలిపింది మనమే.

కితాబుల్లో కుక్క

అబ్బాసీ జమానాలో కుక్క మీద పెద్ద సాహిత్యమే వచ్చింది. బస్రాకు చెందిన జాహిజ్ తన కితాబుల్ హయవాన్‌లో కుక్క గొప్పదా, కోడిపుంజు గొప్పదా అని ఇద్దరి మధ్య వాదన పెట్టి వందల పేజీలు రాశాడు. కుక్క తరఫువాడు దాని వఫాదారీ, వాసన పట్టే గుణం, తెలివి ఒక్కొక్కటే చెబుతాడు. పుంజు తరఫువాడు ఒక్కొక్కటే కొట్టేస్తాడు. హిజ్రీ 309లో చనిపోయిన బాగ్దాద్ ఆలిమ్ ఇబ్నుల్ మర్జుబాన్ ఏకంగా ఒక కితాబ్ రాశాడు. బట్టలు తొడుక్కున్న చాలామంది కంటే కుక్కలే మేలు అన్నది దాని పేరుకు అర్థం. దోస్తీలో దగా చేసే మనుషులను చూసి విసిగిన ఆయన, యజమాని కోసం ప్రాణమిచ్చిన కుక్కల ఖిస్సాలను పోగేశాడు.

వాళ్లిద్దరూ అరబీ అదబ్‌లో పెద్ద పేర్లు. కుక్క పేరెత్తితే ఈమాన్ పోతుందని వాళ్లు భయపడలేదు.

మొహల్లా పెంచిన కూనలు

అక్కడి నుంచి ఉస్మానీ సల్తనత్ రాజధాని ఇస్తాంబుల్‌కు వద్దాం. ఇంట్లో కాకుండా గల్లీలో కుక్కలను పెంచిన నగరం అది. అక్కడ ఒక్కో మహల్లెకు (మన మొహల్లాయే) సొంత కుక్కల గుంపు ఉండేది. పక్క మొహల్లా కుక్క వస్తే తరిమేసేవి. రాత్రి చోరులొస్తే మొరిగేవి, పగలు చెత్తలో పడేసిన తిండి శుభ్రం చేసేవి. జనం గుమ్మాల ముందు నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు, ఈనిన కుక్కకు గడ్డి పరిచి చోటిచ్చేవాళ్లు. సవాబ్ కోసం రొట్టె కొని వేసేవాళ్లు. తహారత్ చెడకుండా ఇంటి బయటే ఉంచారు, రహమ్ తగ్గకుండా కడుపు నింపారు. 1867లో ఆ నగరం చూసిన అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్, దారి మధ్య పడుకున్న కుక్కలు ఎవరొచ్చినా కదలవని రాశాడు. అది కుక్కలను మరీ గారాబం చేసిన నగరం కూడా కాదు, అవి బక్కచిక్కి గాయాలతో ఉండేవని కూడా ఆయనే రాశాడు.

పిచ్చికుక్క ఖతరా అప్పుడూ ఉంది. పాశ్చర్ 1885లో పారిస్‌లో మొదటిసారి ఒక పిల్లవాడికి రేబీస్ టీకా ఇచ్చాడు. మరుసటి ఏడాదే సుల్తాన్ అబ్దుల్ హమీద్ 2 తన డాక్టర్లను ఆయన దగ్గర నేర్చుకోవడానికి పంపాడు. 1887లో ఇస్తాంబుల్‌లో దాఉల్‌కల్బ్ దవాఖానా వెలిసింది. దాఉల్‌కల్బ్ అంటే కుక్క రోగం. ముస్లిం సుల్తాన్ ఆ ఖతరాకు వెతికిన ఇలాజ్ ఇల్మ్, టీకా.

1910లో ఇత్తిహాద్ వ తరఖ్ఖీ హుకూమత్‌కు తొందర వచ్చింది. యూరప్ నగరాల్లాగా సాఫ్‌గా కనిపించాలని వేల కుక్కలను పట్టి, పడవలకెక్కించి, మర్మరా సముద్రంలో నీళ్లు లేని రాతి దీవిలో దించేసింది. అవి ఆకలితో, దాహంతో ఒకదాన్నొకటి కొరుక్కుని చచ్చిపోయాయి. ఆ ఏడుపు గాలికి ఒడ్డు దాకా వినిపించేదని అప్పటివాళ్లు రాసుకున్నారు. ఆ దీవి అసలు పేరు సివ్రిఅదా. జనం హయర్‌సిజ్‌అదా అన్నారు. అందులో మన ‘ఖైర్’ ఉంది. ఖైర్ లేని దీవి అని అర్థం. ఆ తర్వాత వచ్చిన జంగ్‌లు, ఓటములు ఆ బేజుబాన్ల ఆహ్ తగిలే వచ్చాయని చెప్పుకున్నారు.

ఆ బహస్ తుర్కియాలో ఇంకా తెగలేదు. పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, మళ్లీ అక్కడే వదలాలని 2004 చట్టం చెప్పింది. 2024లో దాన్ని మార్చి వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలన్నారు. దాని మీద పెద్ద నిరసనలు జరిగాయి. రెండు వైపులా నమాజీలే ఉన్నారు.

రాంపూర్ ఎంచుకున్న తీరు

మన ముల్క్‌లో కుక్కను ఎంచుకోవడం, పెంచడం ఒక హునర్‌గా నడిచింది దర్బారుల్లో. సర్ థామస్ రో వెంట వచ్చిన పాదరీ ఎడ్వర్డ్ టెర్రీ జహంగీర్ బాద్‌షా సంగతి ఒకటి రాశాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మాస్టిఫ్ కుక్కలంటే బాద్‌షా మురిసిపోయాడట. వాటికి నౌకర్లను, పల్లకీలను ఏర్పాటు చేసి, తన చేత్తో తినిపించడానికి వెండి పటకారు చేయించాడట. ముద్దూ ఉంది, మధ్యలో పటకారూ ఉంది.

ఢిల్లీ, బరేలీ దారిలో ఉంది రాంపూర్. 1774లో ఫైజుల్లా ఖాన్ చేతిలో రియాసత్‌గా వెలిసింది. రోహిల్లా పఠాన్ల ఊరు. రజా లైబ్రరీ, రాంపురీ చాకు, సంగీత ఘరానా ఎంత పేరున్నవో రాంపూర్ హౌండ్ కూడా అంతే. 1794 నుంచి 1840 దాకా ఏలిన నవాబ్ అహ్మద్ అలీ ఖాన్‌కు ఈ నస్ల్ పేరు కట్టబెడతారు. అఫ్గాన్ వైపు నుంచి వచ్చిన తాజీకి మొండి బలం ఉంది, చెప్పిన మాట వినదు. ఇంగ్లిష్ గ్రేహౌండ్‌కు వేగం ఉంది, మాట వింటుంది, ఇక్కడి ఎండకూ నేలకూ ఆగదు. రెండింటినీ కలిపి పొట్టి వెంట్రుకలు, పొడుగు కాళ్లు, గట్టి దవడ ఉన్న వేటకుక్కను తయారుచేశారు. నక్కల వేటలో, అడవిపంది వేటలో దానికి పేరొచ్చింది.

ఆ నస్ల్ వెనకున్న ఆలోచన ఈనాటి ఇళ్లకూ పనికొస్తుంది. మన ఎండ ఏమిటి, మన నేల ఏమిటి, దానికి అప్పజెప్పే పని ఏమిటి అని వాళ్లు ముందు అడిగారు. అందం తర్వాతి మాట. మన దక్కన్‌లో ముధోల్ కుక్కదీ అదే కథ. ఉత్తర కర్ణాటకలోని ముధోల్ రాజులు దాన్ని కాపాడి పెంచారు. వేగం, బలం, ఎండకు తట్టుకునే ఒళ్లు దాని సొత్తు.

1949లో రాంపూర్ రియాసత్ భారత్‌లో కలిసిపోయింది. 1972లో వన్యప్రాణి చట్టంతో శిఖార్ ఆగింది. పని పోయాక కుక్కను పోషించేవాళ్లు తగ్గారు, నస్ల్ సన్నగిల్లింది. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ జాతుల మీద స్టాంపులు తెచ్చింది. వాటిలో రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్ రెండూ ఉన్నాయి.

షౌఖ్ హద్దు దాటితే ఎలా ఉంటుందో జూనాగఢ్ చూపించింది. నవాబ్ మహాబత్ ఖాన్ కుక్కలకు గదులు, నౌకర్లు పెట్టాడని, ఒక కుక్కకు ధూమ్‌ధామ్‌గా షాదీ చేశాడని ఖిస్సాలున్నాయి. రయ్యత్ గోడు పక్కనపెట్టిన ఆ షౌఖ్‌ను జనం నేటికీ ఎగతాళిగానే చెప్పుకుంటారు. దర్బారులో కుక్క ఉండటం వేరు, కుక్కే దర్బారైపోవడం వేరు.

ఇప్పుడు, ఇక్కడ

హైదరాబాద్ గురించి మాట్లాడేటప్పుడు ఒక దుఃఖాన్ని దాటేయలేం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడిని వీధికుక్కల గుంపు చంపేసింది. బేజుబాన్ మీద రహమ్ అంటూ ఆ తల్లి ముందు లెక్చర్ ఇచ్చే హక్ ఎవరికీ లేదు. గల్లీలో కుక్కలకు చెత్తకుప్పలు ఉన్నాయి గానీ వాటి బాధ్యత తీసుకునే మొహల్లా లేదు. ఆపరేషన్, టీకా, చెత్త తీయించడం, ఈ మూడూ సక్రమంగా జరగనిచోట పిల్లలకూ ఖతరా, కూనలకూ ఖతరా. రాయి విసిరితే కుక్కకు మనిషంటే భయం పుడుతుంది, ఆ భయమే కాటవుతుంది.

కాటు పడితే ముందు చేయాల్సింది పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు గాయం కడగడం. పసుపు, సున్నం, మిరపకారం పెట్టొద్దు. తావీజ్ కట్టుకుంటే కట్టుకోండి, టీకా మాత్రం ఆపొద్దు. నారాయణగూడ ఐపీఎం, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి ఈ పనికి నగరంలో అందరికీ తెలిసిన చోట్లు. మన నానీలు భయపడే, బొడ్డు చుట్టూ వేసే 14 సూదులు ఇప్పుడు లేవు. చేతికి వేసే కొద్ది డోసులే. లక్షణాలు మొదలయ్యాక రేబీస్‌కు ఇలాజ్ దాదాపు లేదు, అందుకే ఆ రోజే వెళ్లాలి.

ఇంటికి ఒక కూనను తెచ్చుకోవాలన్న ఫైసలాకు వచ్చినవాళ్లు రాంపూర్ సవాళ్లనే వేసుకోండి. పని ఏమిటి? ఇంటి కావలా, పొలం కావలా, చూపులేని మనిషికి తోడా? పని ఉంటే ఉలమా ఇచ్చే జవాబు మారుతుంది. మీ ఆలిమ్ సాబ్‌ను అడగండి. ఎండ ఏమిటి? ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో మంచుదేశపు హస్కీని మూడో అంతస్తులో బంధించడం ముద్దు కాదు, జుల్మ్. మన ఎండలో పుట్టిన దేశీ కూనకు జబ్బులూ తక్కువ, ఖర్చూ తక్కువ. బ్లూక్రాస్ లాంటి సంస్థల దగ్గర దత్తత దొరుకుతుంది.

ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదని 2017 కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. తల్లి దగ్గరే అది కొరకకుండా ఆడటం నేర్చుకుంటుంది. ముందే తెంపుకొస్తే పెద్దయ్యాక పిరికిదో, కరిచేదో అవుతుంది. వీలైతే తల్లిని చూడండి. తల్లి గుణం కూనలో ఉంటుంది. మరీ పైన పడి కొరికేదీ వద్దు, మూల నక్కి రానిదీ వద్దు. పిలిస్తే ఆగి చూసి, మెల్లగా దగ్గరికొచ్చేది మంచిది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలవుతాయి. మూడు నెలలకు రేబీస్ టీకా, తర్వాత ఏటా డాక్టర్ చెప్పినట్టు. నట్టల మందు మరవొద్దు. మూడు నాలుగు నెలలలోపే మనుషుల్ని, హారన్‌ను, పిల్లల అల్లరిని అలవాటు చేయాలి.

తహారత్ సంగతి కష్టం కాదు. నమాజ్ గది తలుపు మూసి ఉండాలి. దాని గిన్నె వేరు, పరుపు వేరు, చోటు బాల్కనీలోనో గుమ్మం దగ్గరో. దాన్ని పట్టుకునే బట్టలు వేరు, చేతులు కడగడం పిల్లలకు ఆదత్ కావాలి. ఇవన్నీ పన్నెండు పదమూడేళ్లు చేయాల్సిన పనులు. పరీక్షలొచ్చాయని, ఫ్లాట్ మారామని, బాబు దుబాయ్ పోయాడని ఔటర్ రింగు రోడ్డు మీద వదిలేసి వచ్చేవాళ్లు ఉన్నారు. ఇస్తాంబుల్ వాళ్ల దీవి లాంటిదే అది, ఒక్క కుక్క పట్టేంత దీవి. ఆ పదమూడేళ్ల ఓపిక లేనివాళ్లు తెచ్చుకోకపోవడమే సవాబ్.

తెచ్చుకోని ఇంటికి కూడా ఒక జిమ్మేదారీ మిగులుతుంది. మే నెలలో గేటు బయట ఒక మట్టి గిన్నెలో నీళ్లు పెట్టడానికి ఏ మజ్హబ్ అడ్డు చెప్పలేదు. గల్లీలో ఈనిన కుక్క కనిపిస్తే పిల్లలను దూరంగా ఉంచండి, తల్లి కోపానికి కారణం కూనలే అని చెప్పండి. మస్జిద్ కమిటీలో చెత్త గురించి, టీకాల గురించి కార్పొరేటర్‌ను అడిగే మాట ఎత్తండి. దాదీలు కూడా ఫరిష్తేల హదీస్ చెప్పిన నోటితోనే, దాహంతో ఉన్న కుక్క హదీస్, అల్ అర్జ్ కూనల ఖిస్సా చెప్పాలి. సగం హదీస్‌లు విని పెరిగిన పిల్లవాడి చేతిలో రాయి ఉంటుంది.